హెలికాప్టర్ రేకు పనికి త్రీ-ఇన్-వన్ మెషిన్: పద్నాలుగు నెలలు వాడాక

మార్కులు ముందే చెప్పేస్తాను. ఐదుకి మూడు. కోత బాగుంది, మడత సగమే బాగుంది, రోలరు సంగతి మనం ఏం అడుగుతామన్న దాన్ని బట్టి. డబ్బాలు, ఏసీ గొట్టాలు చేసుకునేవాళ్లయితే నాలుగు వేసుకోవచ్చు. విమానం రేకు ముట్టుకునేవాళ్లు మాత్రం ఇదంతా చదివాకే కొనండి.

నేనుండేది టెక్సస్‌లో, ఫోర్ట్‌వర్త్ దగ్గర. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. పుట్టి పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా బస్సు బాడీలు కట్టే షెడ్డులో రేకు పని చేశారు. ఆ మోత వింటూ చదువుకుని, ఒక్క రేకు కూడా చేత్తో మడవకుండానే ఇంజనీరునైపోయాను. నలభై దాటాక బుద్ధి మళ్లింది. ఇక్కడి స్నేహితుడొకాయనతో కలిసి, విప్పేసి పెట్టెల్లో పడేసిన బెల్ 47జి-2 ఒకటి కొన్నాను. పదకొండు పెట్టెలు, ఒక ట్రైలరు, తడిసి ఆరిన లాగ్‌బుక్కులు. మా ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "ఇందులో హెలికాప్టర్ ఏది?"

బెల్ 47 అంటే ముందు గాజు బుడగ, వెనక నిచ్చెన లాంటి పైపుల తోక ఉంటుందే, అది. 1946 మార్చి 8న అమెరికాలో పౌర వినియోగానికి సర్టిఫికెట్ పొందిన మొట్టమొదటి హెలికాప్టర్. దీన్ని రూపొందించిన ఆర్థర్ యంగ్ తర్వాతి జీవితం తత్వచింతనలో గడిపారు. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో బెల్ 47లోనే డి1 రకం ఒకటి కప్పు నుంచి వేలాడుతుంది. బెల్ కంపెనీ 1951లో హెలికాప్టర్ల పనిని ఇక్కడి హర్స్ట్‌కి తెచ్చింది, మా ఇంటికి అరగంట దూరం. ఆ దగ్గరతనం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు కానీ, చెప్పుకోవడానికి బాగుంటుంది.

రేకు ముక్కలు నేనే ఎందుకు చేసుకుంటున్నానంటే దానికో లెక్క ఉంది. ఈ మోడల్ టైప్ సర్టిఫికెట్, అంటే డిజైనుకిచ్చే ఆమోదం, ఇప్పుడు స్కాట్స్-బెల్ 47 అనే కంపెనీ దగ్గరుంది. విడిభాగాలు దొరుకుతాయి. మాస్టు, బ్లేళ్లు, గేర్‌బాక్సు లాంటి తిరిగే భాగాలు కాగితాలతో సహా కొనాల్సిందే, వాటి జోలికి నేను వెళ్లను. కానీ బ్యాటరీ పెట్టె, ఇన్‌స్ట్రుమెంట్ పెడెస్టల్ పలకలు, సీటు కింద ప్యానెళ్లు, ఇంజిన్ చుట్టూ గాలిని మళ్లించే బాఫిల్ రేకులు, వీటిని యజమాని తన సొంత విమానానికి తయారు చేసుకోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో 21.9 ఒప్పుకుంటుంది. డ్రాయింగు ఉండాలి, సరైన రేకు ఉండాలి, యజమాని ఆ పనిలో నిజంగా పాల్గొనాలి. చేసి అమ్ముకోవడం మాత్రం కుదరదు. చివరికి ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ ఉన్న మెకానిక్ చూసి ఒప్పుకోవాలి. మాకు దొరికినాయన డెబ్బై దాటిన మనిషి. చొక్కా జేబులో పదింతల భూతద్దం పెట్టుకుని తిరుగుతాడు. ఆ భూతద్దం గురించి మళ్లీ వస్తాను.

ఇక మెషిన్. 30 అంగుళాల వెడల్పు. కింద కోత బ్లేడు, మధ్యలో రేకుని నొక్కి మడిచే అచ్చు, అంటే డై, పైన మూడు రోలర్లు. ఇదే సరుకు నాలుగైదు రంగుల్లో, నాలుగైదు పేర్లతో అమ్ముతారు. పేరు రాయను, ఎవరిదైనా ఒకటే పోత. నేను పన్నులతో కలిపి 700 డాలర్లకు కాస్త తక్కువే పెట్టాను. బరువు 300 పౌన్లకు పైనే. ట్రక్కు డ్రైవరు డ్రైవ్‌వేలో దింపి వెళ్లిపోయాడు. గ్యారేజీ లోపలికి తేవడానికి ఇంజిన్ హాయిస్టు అద్దెకు తెచ్చుకున్నాం. కాబట్టి ధరలో ఆ అద్దె కూడా కలుపుకోండి. తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు గ్రీజు కిరసనాయిలుతో కడిగితే రెండు సాయంత్రాలు పోయాయి.

కోత దగ్గర నాకు ఫిర్యాదు తక్కువ. వచ్చినప్పుడు బ్లేళ్ల సందు ఒక కొన దగ్గర ఎక్కువ, రెండో కొన దగ్గర తక్కువ ఉంది. మరలు వదులు చేసి, పలచటి కాగితం పెట్టి, రెండు వైపులా ఆ కాగితం తెగేదాకా సర్దుకున్నాను. ఆ తర్వాత 0.040 అంగుళం అల్యూమినియం వెన్నలా తెగుతోంది. 0.050 కొయ్యడానికి భుజం పెట్టాలి. రెండు జాగ్రత్తలు. అంగుళం కంటే సన్నటి పట్టీ కోస్తే అది జంతికలా మెలి తిరిగి బయటికొస్తుంది. అలాంటివి బ్యాండ్‌సా మీద కోసుకోండి. రెండోది, పట్టి ఉంచే బార్ గట్టిగా పట్టదు, చివరి రెండు అంగుళాల దగ్గర రేకు జరుగుతుంది. గీత మీద కాకుండా గీతకి కాస్త బయట కోసి, మిగిలింది ఆకురాయితో తీసెయ్యడం మేలు. ఎలాగూ కోసిన ప్రతి అంచునీ నున్నగా రుద్దాల్సిందే. పగులు మొదలయ్యేది అంచు మీద మిగిలిన గరుకు నుంచే.

మడత దగ్గరే అసలు కథ.

పెట్టె మీద "20 గేజ్ స్టీలు" అని రాసుంటుంది, అంటే 0.036 అంగుళం. అల్యూమినియం అంతకంటే మెత్తన కదా, 0.040 ఏమాత్రం అనుకున్నాను. అది మెత్తటి అల్యూమినియం గురించి. విమానాల్లో ఎక్కువగా వాడే 2024-టి3 రేకు బలంలో మామూలు స్టీలు రేకుకేమీ తీసిపోదు. పైగా మొండిది. పాత డ్రాయింగుల్లో దాన్ని 24ఎస్‌టి అంటారు. 1954లో నాలుగంకెల పేర్లు వచ్చాక 24 కాస్తా 2024 అయింది, 52ఎస్ అన్నది 5052 అయింది. ఇది తెలియక నేను మొదటి నెలంతా "ఈ 52ఎస్ ఎక్కడ దొరుకుతుందబ్బా" అని వెతికాను.

2024-టి3ని పదునైన అంచు మీద మడవకూడదు. మడత లోపలి గుండ్రం రేకు మందానికి మూడు నాలుగు రెట్లుండాలి, 0.040 రేకుకి కనీసం ఎనిమిదో వంతు అంగుళం. ఈ మెషిన్ పై డై ముక్కు దాదాపు కత్తిలా ఉంది. ఆ సంగతి అమ్మేవాడు ఎక్కడా చెప్పడు, పుస్తకంలోనూ లేదు. నేను మడిచిన మొదటి ముక్క బయటికి చూడటానికి ముచ్చటగా ఉంది. మూల ఎంత పదునుగా వచ్చిందో అని ఫోటో కూడా తీశాను. మా మెకానిక్ భూతద్దం తీసి మడత వెన్ను మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా చేతికిచ్చాడు. మడత పొడవునా ఎండిన చెరువు మట్టిలా సన్న నెర్రెలు. ఆ ముక్కని రెండు చేతులతో వెనక్కి వంచితే ఎండు కొమ్మలా టపుక్కున విరిగింది.

అందులో నా తప్పు కూడా ఉంది. రేకుని మిల్లులో సాగదీసిన దిక్కుకు సమాంతరంగా మడిచాను. మడత గీత ఆ దిక్కుకి అడ్డంగా ఉండాలి. గుర్తుపట్టడం తేలికే, రేకు మీద అచ్చేసిన అక్షరాల వరస సాధారణంగా సాగదీసిన దిక్కులోనే నడుస్తుంది. కానీ ఆ ముక్కు మీద అడ్డంగా మడిచినా బతకదు, తర్వాత చేసి చూశాను.

మందు ఏమిటంటే ముక్కుకి తొడుగు వెయ్యడం. 0.063 మెత్తటి అల్యూమినియం పట్టీని మడిచి, పై డై ముక్కు మీద టోపీలా తొడిగాను. దాని బయటి అంచుని ఆకురాయితో ఎనిమిదో వంతు గుండ్రానికి తెచ్చి, రేడియస్ గేజ్ పెట్టి చూసుకున్నాను. పగుళ్లు పోయాయి. అంతలోనే ఇంకో గొడవ. 2024-టి3 మడిచి చెయ్యి తీస్తే కొన్ని డిగ్రీలు వెనక్కి తెరుచుకుంటుంది. కాబట్టి 90 కావాలంటే 95 దాకా తోయాలి. ఈ మెషిన్‌లో కింది వి-డై 90 దగ్గర ఆగిపోతుంది. తొడుగు వేశాక అంతదాకా కూడా పోదు. నాకు వచ్చే కోణం 83, 84. మిగతాది మీరేం చేసుకుంటారో మీ ఇష్టం అన్నట్టుంటుంది మెషిన్.

ఈ దశలో మా నాన్న వచ్చారు. ఏప్రిల్‌లో వచ్చి సెప్టెంబరులో వెళ్లారు. మొదటి వారం టీవీ, రెండో వారం గ్యారేజీ. మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి, హ్యాండిల్ పట్టుకుని ఊపి చూసి, "ఏరా, దీనికేనా అన్ని డాలర్లు పోసింది? ఊగుతోందిగా" అన్నారు. నిజమే. స్టాండు కాళ్లు పలచటి రేకువి. నేలకి బోల్టులు వేసి, వెనక రెండు యాంగిల్ ముక్కలు కట్టాక ఆ ఊపు పోయింది. కొన్న రోజే చెయ్యాల్సిన పని అది.

రెండో రోజు ఆయన కొయ్య సుత్తి అడిగారు. ఇక్కడ రబ్బరుదే ఉంది. "రబ్బరు రేకుని కొట్టదు, బతిమాలుతుంది" అన్నారు. ఆ శనివారం వీధిలో ఎవరో గ్యారేజీ సేల్ పెడితే రెండు డాలర్లకి పాత మేపుల్ బేస్‌బాల్ బ్యాటు తెచ్చుకుని, లావు వైపు ఆరంగుళాలు కోసి, చిల్లేసి, పిడి దిగ్గొట్టారు. మెషిన్‌లో 84కి వచ్చిన మడతని గుండ్రం తీసిన గట్టి చెక్క దిమ్మ మీద బిగించి, ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే బరువుతో తట్టుకుంటూ వెళ్లడం ఆయన పద్ధతి. ఒక్కచోట రెండో దెబ్బ వెయ్యరు. మూడు విడతల్లో 90. నేను తడితే అలలు వచ్చాయి. ఇప్పటికీ కొంచెం వస్తాయి.

మా ఇద్దరికీ గొడవ రెండు చోట్ల వచ్చింది. ఒకటి గీతలు. బస్సు రేకు మీద ఇనుప సూదితో గీసి మడవడం ఆయనకి అలవాటు. ఇది ఆల్‌క్లాడ్ రేకు. రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర, ఒక్కో వైపు మందంలో 5 శాతం, అంటే 0.040 రేకు మీద 0.002 అంగుళం. తుప్పుని ఆపేది ఆ పొరే. సూది గీస్తే అది చీలుతుంది, పైగా మడత గీత మీద గీస్తే పగులుకి మనమే దారి చూపించినట్టు. పోనీ పెన్సిలు అన్నారు. పెన్సిలూ వద్దు, గ్రాఫైట్ అల్యూమినియాన్ని తింటుంది. సన్న మొన మార్కరు ఒక్కటే. "ముప్పై ఏళ్లు సూదితోనే గీశాన్రా, ఒక్క బస్సూ గాల్లోంచి పడలేదు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండోది లెక్క. ఒక్కో వైపు అంగుళం ఉండే ఎల్ ముక్కకి రేకు ఎంత కొయ్యాలి? నాన్న లెక్క నోటిదే, రెండంగుళాల్లోంచి రేకు మందానికి రెండింతలు తియ్యి, 1.920. నా లెక్క మడత గుండ్రం, మందం, కోణం వేసుకుంటే 1.894. తేడా 0.026 అంగుళం. బస్సులో ఆ తేడాని ఎవరూ చూడరు, సీలెంటు మింగేస్తుంది. ఇక్కడ రెండు మడతల ఛానెల్ అయితే తేడా 0.052కి చేరి, పాత రివెట్ చిల్లులకి కొత్త చిల్లులు కలవవు. రివెట్ కేంద్రం నుంచి అంచుకి కనీసం దాని వ్యాసానికి రెండింతల దూరం ఉండాలన్న నియమం కూడా తప్పొచ్చు. నేను ఎందుకు 1.894 అన్నానో చెప్పడానికి మూడు ముక్కలు కోసి మడిచి కాలిపర్ పెట్టి చూపించాను. ఆయన కాలిపర్ తీసుకుని తనే మళ్లీ కొలిచి, "గుండ్రం పెద్దదైతే దారి దగ్గరవుతుంది, మలుపు కోసుకుపోయినట్టు" అన్నారు. నేను రెండు పేజీలు చదివి అర్థం చేసుకున్నది అదే.

మడతలో ఇంకో లోపం ఉంది, ఇది మెషిన్‌దే. పొడవు మడతల్లో మధ్య భాగం తక్కువ మడుగుతుంది. 24 అంగుళాల ప్యానెల్ మడిస్తే కొసల దగ్గర కంటే నడుమ మూడు డిగ్రీలు తక్కువ వచ్చింది. బరువు పడ్డప్పుడు కింది దూలం వంగుతోంది. దీనికి మందు నాన్నదే. కూల్‌డ్రింక్ డబ్బా కోసి, ఆ రేకు ముక్కల్ని కింది డై నడుమన అడుగున పెట్టాం. డబ్బా గోడ సుమారు 0.004 అంగుళం ఉంటుంది. నడుమ మూడు పొరలు, పక్కల రెండు, ఆపైన ఒకటి. ఇప్పుడు తేడా ఒక డిగ్రీ లోపే. 12 అంగుళాల లోపు మడతలకి ఈ తలనొప్పే లేదు.

అన్నీ తిట్లే కాదు. బ్యాటరీ పెట్టెకి డ్రాయింగులో 52ఎస్ అడిగింది, అంటే 5052. ఆ రేకు ఈ మెషిన్‌కి ప్రాణం. ముక్కుకి చిన్న తొడుగు చాలు, కోణం వచ్చేస్తుంది. పై డై ముక్కలు ముక్కలుగా ఊడివస్తుంది కాబట్టి పెట్టె నాలుగో వైపు కూడా మడవొచ్చు. మూలల్లో రెండు మడతలు కలిసే చోట ముందే గుండ్రటి చిల్లు వేసుకోవాలి, లేకపోతే అక్కడే చిరుగుతుంది. డై ముక్కల అతుకుల దగ్గర రేకు మీద సన్న మచ్చలు పడతాయి. రేకుకి అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీయకుండా మడిస్తే అవి కూడా రావు. ఆ పెట్టె ఒక్క ఆదివారంలో అయిపోయింది. మెకానిక్ అటూ ఇటూ తిప్పి చూసి, భూతద్దం జేబులోంచి తియ్యలేదు.

రోలర్ల గురించి పెద్దగా రాయడానికి లేదు. బాఫిల్ రేకుల వంపులకి పనికొచ్చాయి. మొదటి అంగుళం, చివరి అంగుళం చదునుగానే మిగిలిపోతాయి. కొలత కంటే పొడుగు రేకు వేసి తర్వాత కోసెయ్యాలి. రోలరు మీద చిన్న ఇనుప రజను పడినా ప్రతి చుట్టులో రేకు మీద ముద్ర పడుతుంది, గుడ్డతో తుడిచాకే తిప్పండి.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. విక్రేత వాపసు తీసుకుంటానంటాడు కానీ 300 పౌన్ల సరుకు రవాణా ఖర్చు మీదే. నా దానికి ఒక హ్యాండిల్ మర పోగులు చెడిపోయి వచ్చింది. ఫోను చేస్తే ఫోటోలు అడిగారు, పంపాను. మళ్లీ అవే ఫోటోలు అడిగారు. ఆరు వారాల తర్వాత హ్యాండిల్ వచ్చింది, అదీ రెండో వైపుది. చివరికి ట్యాప్ వేసి నేనే కొత్త పోగులు కోసుకున్నాను. సర్వీసుకి సగం మార్కు కోసింది అందుకే.

ఇంతకంటే మంచిది లేదా అంటే ఉంది. గుండ్రటి ముక్కులు మార్చుకునే వీలున్న, ఆకులా లేచి మడిచే బాక్స్ అండ్ పాన్ బ్రేకు (బ్రేకు అంటే ఇక్కడ రేకు మడిచే మెషినే). 90 దాటి తోస్తుంది కాబట్టి వెనక్కి తెరుచుకునే గొడవ ఉండదు. మంచిది కొత్తదైతే నేను పెట్టినదానికి ఎన్నో రెట్లు. మూతబడ్డ షాపుల వేలంలో పాతది దొరికితే, గ్యారేజీలో చోటుంటే, అదే కొనండి. నాకు చోటు లేదు, పదకొండు పెట్టెల్లో ఇంకా నాలుగు విప్పలేదు.

ఇంజిన్ మంటలు ఇవతలికి రాకుండా ఆపే గోడ రేకు, ఫైర్‌వాల్, అది మాత్రం దీని మీద చెయ్యలేదు. అది స్టెయిన్‌లెస్ స్టీలు. ఒక చిన్న ముక్క కోసి చూస్తే బ్లేడు మీద రెండు పళ్లు పడ్డాయి. మా ఊళ్లో ఏసీ డక్టులు చేసే షాపుకి కొలతలు తీసుకెళ్తే, ఎనిమిది అడుగుల మెషిన్ మీద పది నిమిషాల్లో కోసి, రెండు అంచులు మడిచి, 40 డాలర్లు తీసుకున్నారు. రేకు, డ్రాయింగు నావి. మడుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి కొలతలు చూసుకున్నాను. నాన్న కూడా వచ్చారు. ఆ కుర్రాడు మడిచేది చూస్తూ, భాష రాకపోయినా, చేత్తో "ఇంకొంచెం" అని సైగ చేశారు. అతను ఇంకొంచెం తోశాడు. గోనియోమీటరు పెడితే సరిగ్గా 90.

బ్లేడు మీద ఆ రెండు పళ్లు ఇంకా ఉన్నాయి. పదును పెట్టించడానికి విప్పుదామనుకుంటూనే రోజులు గడుస్తున్నాయి. ప్రస్తుతానికి వాటికి ఎడమ పక్కనున్న 22 అంగుళాల్లోనే కోసుకుంటున్నాను.